టెక్కా అంగట్లో అమ్మ అడిగిన మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను 1986లో ఇక్కడ పదో తరగతి పాసయిన బ్యాచ్ వాణ్ని. అప్పట్లో మనది రంగారెడ్డి జిల్లా. వికారాబాద్ జిల్లా అవుతుందని ఎవరం అనుకోలేదు. నేను సివిల్ ఇంజినీరును. ఊళ్లకు తాగునీటి పైపులు, మురుగునీటి లైన్లు డిజైన్ చేయడం నా పని. మా ఇంట్లో మాత్రం నన్ను "మోరీల ఇంజినీరు" అంటారు. ముప్పై ఏళ్లు దాటింది కాబట్టి ఆ బిరుదుకు అలవాటు పడ్డాను.

కార్యవర్గం వాళ్లు ఫోన్ చేసి, "నువ్వు సింగపూర్ పోయొచ్చినవ్ కదా, ఆ ఊరి విశేషాలు కాసేపు చెప్పు" అన్నారు. మీలో చాలామంది పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. మూడు మేడల మీద ఓడ పెట్టినట్టుండే హోటలు, నోట్లోంచి నీళ్లు చిమ్మే సింహం బొమ్మ మీరు ఫోన్లలో చూసే ఉంటారు. అవన్నీ నేనూ చూశాను. వాటి గురించి చెప్పను. 2023లో కంపెనీ పని మీద రెండు వారాలు అక్కడ ఉన్నప్పుడు, పొద్దున, సాయంత్రం దొరికిన ఖాళీలో ఆ ఊరి అంగళ్లు తిరిగాను. వాటి గురించే చెప్తాను.

మొదట పోయింది టెక్కా. సెరంగూన్ రోడ్డు మొదట్లో ఉంటుంది. ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని లిటిల్ ఇండియా అంటారు. అదే రోడ్డు మీద 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. పొద్దున్నే స్వామి దర్శనం చేసుకొని, నడుచుకుంటూ టెక్కా సెంటరుకు చేరాను. కింది అంతస్తులో ఒక పక్క కూరగాయలు, చేపలు, మాంసం అమ్మే మార్కెట్. ఇంకో పక్క వండి వడ్డించే దుకాణాలు. పై అంతస్తులో బట్టల దుకాణాలు.

లోపలికి అడుగు పెట్టగానే కరివేపాకు వాసన కొట్టింది. మునక్కాయలు, పచ్చి అరటికాయలు, వంకాయలు, కట్టలు కట్టిన కొత్తిమీర. ఒక దుకాణం ముందు కందిపప్పు బస్తాలు చూసి ఆగిపోయాను. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఇక్కడిదాకా వచ్చిందేమో అని బస్తా మీద రాసింది వంగి చదివాను. తాండూరు పేరు కనబడలేదు. దుకాణదారుడు నన్ను అనుమానంగా చూశాడు. అరకిలో కొన్నాక నవ్వాడు.

ఈ మార్కెట్ పాత పేరు నాకు బాగా నచ్చింది. కండాంగ్ కెర్బావ్. మలయ్ భాషలో బర్రెల దొడ్డి అని అర్థం. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పశువుల వ్యాపారం జరిగేది. ఆ పేరుతోనే 1915లో అక్కడ మార్కెట్ కట్టారు. 1982లో దాన్ని రోడ్డు అవతలికి, ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. మార్కెట్ జాగా మారింది, బర్రెలు ఎప్పుడో పోయాయి. పేరు మాత్రం పెద్దవాళ్ల నోట్లో ఇంకా ఉంది. మన మండలంలో అంగడి చిట్టంపల్లి లేదా? ఒక ఊరు ఎందుకు పుట్టిందో దాని పేరే చెప్తుంది.

రెండో రోజు సాయంత్రం ఆఫీసు వాళ్లు లావ్ పా సాత్ తీసుకుపోయారు. ఆ మాటకు పాత మార్కెట్ అని అర్థం. ఎనిమిది మూలల భవనం, మధ్యలో గడియారం గోపురం. అంతా పోత ఇనుము. 1894లో మున్సిపల్ ఇంజినీరు జేమ్స్ మెక్‌రిచీ దాన్ని కట్టించాడు. ఇనుప స్తంభాలు, కమానులు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పోతపోసి ఓడల్లో తెచ్చారు. 1986లో దాని కింద నుంచి మెట్రో సొరంగం తవ్వాల్సి వచ్చింది. కూలగొట్టి కొత్తది కట్టలేదు. ముక్కలు ముక్కలుగా విప్పి, దాచి, సొరంగం పని అయ్యాక మళ్లీ బిగించారు. ఇంజినీరుగా నేను ఆ స్తంభాలను తడిమి తడిమి చూస్తుంటే, పక్కనున్న మిత్రుడు "సార్, అన్నం చల్లారుతోంది" అన్నాడు.

చుట్టూ ఆఫీసుల ఆకాశహర్మ్యాలు, వాటి మధ్యలో ఈ పాత అంగడి. రాత్రయితే పక్కనున్న బూన్ తాత్ వీధిలో వాహనాలు ఆపేసి, బొగ్గుల మీద మాంసం పుల్లలు కాలుస్తారు. సూటు వేసుకున్న బ్యాంకు ఆఫీసరు, సిమెంటు మరకల చొక్కాతో వచ్చిన కూలీ ఒకే బల్ల దగ్గర కూర్చొని తింటున్నారు. ఆ కూలీల్లో మన వైపు వాళ్లూ ఉంటారు. ఇద్దరు కుర్రాళ్లు తెలుగులో మాట్లాడుకుంటుంటే పలకరించాను. ఒకరిది జగిత్యాల వైపు, ఇంకొకరిది శ్రీకాకుళం. అక్కడి తెలుగు సమాజం 1975లో ఏర్పడిందని వాళ్లే చెప్పారు. మన సంఘం ఈడుదే.

ఇలాంటి చోట్లను అక్కడ హాకర్ సెంటర్లు అంటారు. దేశం మొత్తం మీద నూట పదికి పైగా ఉన్నాయి. ఇవి ఎట్లా వచ్చాయో చెప్పడం అవసరం.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సింగపూర్ వీధుల నిండా తోపుడు బండ్లు, గంపలు. మనం చూసినట్టే. నీళ్లు దొరకవు. గిన్నెలు ఒకే బకెట్టులో కడగాలి. మిగిలిందంతా మోరీలో పారబోయాలి. మోరీ పోయి నదిలో కలుస్తుంది. అధికారులు వస్తే బండి తోసుకుంటూ పరుగు. 1968, 69లలో ప్రభుత్వం వీధి వ్యాపారులందరినీ నమోదు చేసి లైసెన్సులు ఇచ్చింది. 1971 నుంచి 1986 దాకా సెంటర్లు కట్టి, వాళ్లను అందులోకి తెచ్చింది. దుకాణానికో నల్లా, నీళ్లు పోయేందుకు మోరీ, కరెంటు, జనం కూర్చునేందుకు బల్లలు.

అదే కాలంలో వాళ్ల నది కథ కూడా నడిచింది. సింగపూర్ నది ఎంతో పొడుగు ఉండదు, మూడు కిలోమీటర్లు. అది మురికి కాలువైపోయింది. 1977లో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్లలో దాన్ని శుభ్రం చేయాలని పని అప్పగించారు. 1987కల్లా చేశారు. పందుల ఫారాలు, బాతుల ఫారాలు ఎత్తేశారు. ఒడ్డున వ్యాపారం చేసేవాళ్లను సెంటర్లకు మార్చారు. 2008లో నది సముద్రంలో కలిసే చోట బ్యారేజీ కట్టారు. ఒకప్పుడు ముక్కు మూసుకొని దాటిన నీళ్లు ఇప్పుడు తాగునీటి జలాశయంలో భాగం. మన అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ దాటేసరికి ఎట్లా అవుతుందో నేను మీకు చెప్పనక్కర లేదు. నేను ఒక ఉదయం ఆ నది ఒడ్డున నడుస్తూ మూసీనే తలుచుకున్నాను.

అక్కడంతా స్వర్గమని చెప్పడం లేదు. మార్పు అందరికీ సుఖంగా జరగలేదు. పాత చోటు, పాత గిరాకీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. నిబంధనలు చాలా గట్టివి. తిన్నాక పళ్లెం తీసుకెళ్లి పెట్టకపోతే జరిమానా వేయొచ్చని 2021 నుంచి రూలు. పిల్లలు ఈ పనిలోకి రావడం లేదని, పాత వంటలు పోతాయని అక్కడ పెద్ద చర్చ జరుగుతోంది. కానీ ఒక మాట చెప్పాలి. 2020 డిసెంబరులో ఈ హాకర్ సంస్కృతిని యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గిన్నె పట్టుకొని వీధిలో నిలబడి అమ్మినవాళ్ల పనిని ఆ దేశం తన గొప్పగా చెప్పుకొని ప్రపంచం ముందు పెట్టింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆదివారం పొద్దున మళ్లీ టెక్కాకు పోయాను. ఆకుకూరలు అమ్మే ఒక పెద్దమ్మ దగ్గర ఆగాను. డెబ్బై ఏళ్లకు దగ్గరగా ఉంటాయి. తమిళం మాట్లాడుతుంది. నాకొచ్చిన తమిళం, ఆమెకొచ్చిన ఇంగ్లీషు కలిపి సర్దుకున్నాం. అక్కడ వయసులో పెద్దవాళ్లందరూ అంకుల్, ఆంటీ. నేనూ ఆంటీ అన్నాను. వాళ్ల నాన్న ఇదే రోడ్డు మీద గంప పెట్టుకొని అమ్మేవాడట. "అప్పుడు పరుగే పరుగు. ఇప్పుడు నాకు పరుగు లేదు" అంది.

ముగ్గురు కొనేవాళ్లు ఒకేసారి వచ్చారు. ఒకామె నాలుగు రకాలు తీసుకుంది. ఆంటీ కాగితం లేదు, కాలిక్యులేటర్ లేదు, తూకం వేస్తూనే మొత్తం చెప్పి, చిల్లర చేతిలో పెట్టింది. నాకు ఒక్కసారిగా మన బడి గుర్తొచ్చింది. మన లెక్కల సారు గుర్తొచ్చారు.

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా నాయినకు బావి కింద రెండెకరాలు. వంకాయ, టమాట, పచ్చిమిర్చి, పుంటికూర వేసేవాళ్లం. అమ్మేది అమ్మ. ఏ రోజు ఏ ఊళ్లో అంగడో ఆమెకు కంఠతా వచ్చు. తెల్లవారకముందే గంప ఎత్తుకొని బయల్దేరేది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా క్లాసులో కొత్తగా ఒక పిల్లాడు చేరాడు. వాళ్ల నాన్న గవర్నమెంటు ఉద్యోగి. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం. వాడితో స్నేహం నాకు గొప్పగా ఉండేది. ఒక రోజు బడి విడిచాక వాడితో కలిసి అంగడి మీదుగా పోతున్నాను. అమ్మ చూసింది. "బిడ్డా, ఇటు రా, మురుకులు తీస్కపో" అని కేకేసింది.

నేను వినపడనట్టు పక్కనున్న గాజుల దుకాణం వైపు తల తిప్పాను. తొమ్మిదో తరగతి మగపిల్లాడికి గాజుల దుకాణంలో ఏం పని? అమ్మ రెండోసారి పిలవలేదు. ఆ రాత్రి నా పుస్తకాల మీద మురుకుల పొట్లం ఉంది. ఆమె ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నా వెనక నాలుగడుగుల దూరంలో లెక్కల సారు సంచి పట్టుకొని ఉన్నారని నాకు తెలియదు. మర్నాడు క్లాసులోకి వస్తూనే బోర్డు మీద ఏమీ రాయకుండా నోటితో ఒక లెక్క చెప్పారు. "వంకాయలు కిలో రెండు రూపాయల నలభై పైసలు, ముప్పావు కిలో. టమాటలు కిలో రూపాయి అరవై, కిలోంపావు. పచ్చిమిర్చి కిలో నాలుగు రూపాయలు, నూటయాభై గ్రాములు. పది రూపాయల నోటు ఇచ్చాను. చిల్లర ఎంత? పెన్ను ముట్టొద్దు." క్లాసులో ఒక్కరం చెప్పలేకపోయాం. గడియారం పిల్లాడూ చెప్పలేదు. సారు ఒక నిమిషం ఆగి, "అయిదు రూపాయల అరవై పైసలు. నిన్న అంగట్లో నేను జేబులోంచి నోటు తీసేలోగా ఒక తల్లి ఈ జవాబు చెప్పింది. ఆమె ఏ బడికీ పోలేదు" అన్నారు. ఎవరి తల్లో చెప్పలేదు. నా వైపు చూడలేదు. మామూలుగా పాఠం మొదలుపెట్టారు.

ఆ సారు ఇవాళ మన మధ్య లేరు. నన్ను ఆ రోజు కొట్టి ఉంటే నేను మర్చిపోయేవాణ్ని. నాకు గడ్డం నెరిసినా ఆ లెక్క మాత్రం మర్చిపోలేదు.

టెక్కాలో అది గుర్తొచ్చి, అక్కడి నుంచే అమ్మకు వీడియో కాల్ చేశాను. అక్కడ పదిన్నర, ఇక్కడ ఎనిమిది. అమ్మకు ఎనభై దాటాయి. ఫోన్ తిప్పి మార్కెటంతా చూపించాను. నేను సింగపూర్ చూపిస్తున్నానని అనుకున్నాను. ఆమె అంగడి చూసింది.

"వంకాయలు గంత నున్నగున్నయేందిరా? కిలో ఎంతనట?" అంది. రూపాయల్లోకి మార్చి చెప్పాను. "అబ్బో" అంది. తర్వాత ఒక్కొక్కటి అడగడం మొదలుపెట్టింది.

"ఆమె ఎన్నింటికి వస్తది?"

"తెల్లారకముందే వస్తదట అమ్మా."

"కూసునేతందుకు పీట ఉన్నదా?"

"ఉన్నది."

"నల్ల ఉన్నదా?"

"దుకాణం వెనకనే ఉన్నది."

కాసేపు ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "మరి ఆడోళ్లు ఒంటికి పోయేతందుకు జాగ ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది అమ్మా. అంగట్లనే ఉన్నది."

"మంచిగున్నది. నేనైతే అంగడి దినం ఇల్లు చేరేదాక నీళ్లు ముట్టకపోయేదాన్ని" అంది. అంతే. మళ్లీ వంకాయల ధర గురించి మాట్లాడింది.

నేను ఫోన్ పెట్టేసి, కాఫీ తెచ్చుకొని ఒక బల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఎండాకాలం, నెత్తిన గంప, పొద్దున నాలుగింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా నీళ్లు తాగని మనిషి. నా ఫీజు కట్టడానికి, నన్ను ఇంజినీరు చేయడానికి. నేను చదువుకొని చేసింది నీళ్ల ఉద్యోగం. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క కట్టి వందల డ్రాయింగులు గీశాను. అంగట్లో కూర్చున్న మనిషికి ఎన్ని లీటర్లు, ఆమె ఎక్కడికి పోవాలి అన్నది నా డ్రాయింగుల్లో ఎన్నడూ గీయలేదు. నాకు తట్టలేదు. చదువు రాని మా అమ్మకు తట్టింది.

ఆ మధ్యాహ్నం నేను మళ్లీ లేచి ఆ మార్కెట్‌ను ఇంజినీరు కళ్లతో చూశాను. నేల వాలు ఎటు ఉంది, మోరీల మీద జాలీలు ఎంత దూరానికి ఒకటి, నూనె జిడ్డు పైపుల్లోకి పోకుండా గుంతలో ఎట్లా ఆపుతున్నారు, కడిగే మనిషి ఎన్నింటికి వస్తాడు, అన్నీ పుస్తకంలో రాసుకున్నాను. అందులో మన ఊరివాళ్లు చేయలేని పని ఒక్కటీ లేదు. అసలు కీలకం కట్టడంలో లేదు, రోజూ కడగడంలో ఉంది. అమ్మేవాళ్లు కిరాయితోపాటు శుభ్రతకూ డబ్బు కడతారు. కొన్ని చోట్ల మరుగుదొడ్డికి పది, ఇరవై సెంట్లు తీసుకుంటారు. కొన్ని నెలలకోసారి మార్కెట్ మూసి మొత్తం కడుగుతారు. మనం ఊళ్లలో మరుగుదొడ్లు కట్టి, రిబ్బన్ కత్తిరించి, తాళం వేసి వస్తాం. రెండేళ్లకు అందులో ముళ్లచెట్లు మొలుస్తాయి. తప్పు చేసినవాళ్లలో నా వృత్తివాళ్లమూ ఉన్నాం.

అందుకని ఈ స్వర్ణోత్సవం సందర్భంగా సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన అంగడిలో ఒక రేకుల షెడ్డు, కింద వాలు సరిగా ఉన్న గచ్చు, రెండు నల్లాలు, ఆడవాళ్లకు రెండు, మగవాళ్లకు ఒకటి మరుగుదొడ్లు. ఇంతే. పెద్ద భవనం వద్దు. పేర్ల శిలాఫలకం వద్దు. డ్రాయింగులు, అంచనాలు నేను వేసిస్తాను. పని జరిగినన్ని రోజులు వారానికోసారి వచ్చి నిలబడతాను. నా వాటాగా ఒక నెల జీతం ఇస్తాను. పంచాయతీ వాళ్లతో మాట్లాడి, తైబజార్ వేలంలో వచ్చే డబ్బులోంచి కొంత కడిగే మనిషి జీతానికి పక్కన పెట్టేటట్టు ముందే రాయించుకోవాలి. ఆ ఏర్పాటు కుదిరితేనే కట్టుదాం. కుదరకపోతే కట్టొద్దు.

ఇంకొకటి. ముగ్గు పోసే ముందు అంగట్లో అమ్మే ఆడవాళ్లను నలుగురిని కూర్చోబెట్టి, తలుపు ఎటు ఉండాలో, నల్లా ఎంత ఎత్తున ఉండాలో వాళ్లనే అడుగుదాం. ఆ పని మన బడి ఆడపిల్లలు చేస్తే బాగుంటుంది. టీచర్లు ఒప్పుకుంటే పదో తరగతి పిల్లలతో నీళ్ల లెక్క కూడా కట్టిద్దాం. అంగడికి ఎందరు వస్తారు, ఎన్ని లీటర్లు కావాలి, ట్యాంకు ఎంతది కావాలి. మన లెక్కల సారు ఉంటే ఆ లెక్క నోటితోనే చేయించేవారు.

మీరందరూ సింగపూర్ పోవాలి. పిల్లలు పిలిస్తే తప్పక పోండి. పోయినప్పుడు ఒక పొద్దున టెక్కాకు పోయి ఇడ్లీ తినండి, లావ్ పా సాత్ ఇనుప కమానులు చూడండి. కూరగాయలు అమ్మే ఆంటీ దగ్గర ఏదైనా కొని, ఆమె లెక్క చెప్పే వేగం చూడండి.

చివరగా ఒక్క మాట. "సభకు రా అమ్మా" అంటే "చదువుకున్నోళ్ల మీటింగుల నాకేం పని" అంది. మా చెల్లె బలవంతంగా తీసుకొచ్చింది. అటు పక్క మూడో వరుసలో కూర్చుంది.

అమ్మా, ఆ రోజు అంగట్లో నువ్వు పిలిచింది నాకు వినపడింది.